పండగ పిల్లలకు చాలా ముందే మొదలవుతుంది

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లకు ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి. ఒళ్లో పిల్లలున్నవాళ్లు, వాళ్లు మధ్యలో ఏడ్చినా, దిగి పరిగెత్తినా కంగారుపడి బయటికి తీసుకెళ్లక్కర్లేదు. ఇక్కడ మాట్లాడేదంతా వాళ్ల గురించే కదా.

నేను ఇద్దరు చిన్నపిల్లల తల్లిని. పాపకు ఐదేళ్లు, బాబుకు మూడు దాటాయి. వాళ్లు ఏదో ఒక పనిలో మునిగిపోయి ఉన్నప్పుడు పక్కన కూర్చుని చూడటమంటే నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టంతోనే పిల్లల ఆటల మీద, వాళ్లు గీసే బొమ్మల మీద, వాళ్ల జ్ఞాపకాల మీద పనిచేసినవాళ్లు ఏం చెప్పారో వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ చూడటంలో ఉన్న ఆనందం ఇంకా పెరిగింది. ఇంతకుముందు ముద్దుగా ఉందనుకుని వదిలేసిన పనుల వెనకాల ఎంత ఆలోచన ఉందో తెలిసేసరికి కళ్లు తిప్పుకోవడమే కష్టమైపోయింది.

ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదీ. మనం పెద్దవాళ్లం పండగంటే ఆ ఒక్క రోజు అనుకుంటాం. దాని ముందు రోజులన్నీ మనకు పని, హడావిడి, టెన్షన్. పిల్లలకు అలా కాదు. వాళ్ల పండగ ఆ ముందు రోజుల్లోనే ఉంది. అంటించడం, కత్తిరించడం, మోసుకురావడం, తుడవడం, ఇంకా ఎన్ని రోజులుందని పదిసార్లు అడగడం, అదంతా వాళ్లకు పండగే. ఆ పనిలో వాళ్లకు నిజమైన వాటా ఇచ్చి పక్కన కూర్చుంటే, ఏడాదిలో మనకు దక్కే అత్యంత సంతోషమైన గంటలు అవే అని నా నమ్మకం.

మా ఇంట్లో ఏ పండగ వస్తున్నా రంగు కాగితాల గొలుసు చేస్తాం. సన్నటి కాగితపు ముక్క, రెండు కొసలూ కలిపి అంటిస్తే ఒక రింగు, దాంట్లోంచి ఇంకో ముక్క దూర్చి అంటిస్తే ఇంకో రింగు. పండగకు ఎన్ని రోజులుంటే అన్ని రింగులు. రోజూ సాయంత్రం ఒకటి తెంపేస్తాం. వినడానికి ఇంతే, కానీ చేసేటప్పుడు చూడాలి. మా పాప కొసలకు జిగురు రాసి రెండు వేళ్లతో నొక్కిపట్టి పది లెక్కపెడుతుంది, అంతసేపు పట్టుకుంటేనే అతుక్కుంటుందని తనకు తనే కనిపెట్టుకుంది. పక్కన మా వాడు తనూ నొక్కుతాడు, తనూ లెక్కపెడతాడు. ఒకటి, రెండు, మూడు, ఐదు, తొమ్మిది, పది. వాడి లెక్క ముందే అయిపోతుంది, వదిలేస్తాడు, రింగు విచ్చుకుంటుంది. వాడు దానికేసి కాసేపు చూసి, మళ్లీ నొక్కి, మళ్లీ ఒకటి, రెండు, మూడు, ఐదు... వాడికి కోపం రాదు, విసుగు రాదు. అతుక్కోవాలన్న తొందర నాకు ఉంది గానీ వాడికి లేదు. వాడికి నొక్కడమే కావాలి. అలా నొక్కుతున్నప్పుడు వాడి కింది పెదవి ముందుకు వస్తుంది, ఊపిరి కూడా కాస్త బిగబడతాడు. దాన్ని చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను.

ఆ గొలుసు వల్ల ఇంకో సంగతి కూడా తెలిసింది. మూడు నాలుగేళ్ల పిల్లలకు కాలం అంటే మనకున్న లెక్క ఉండదు. పోయిన ఏడాది జరిగినదీ నిన్నే, పొద్దున జరిగినదీ నిన్నే. వారం అంటే ఎంత, నెల అంటే ఎంత అని చెప్పినా అర్థం కాదు, చూపిస్తేనే అర్థమవుతుంది. గోడ మీద పొడుగ్గా వేలాడే గొలుసు రోజుకింత పొట్టిదైపోతుంటే కాలం కళ్లకు కనపడుతుంది, చేతికి తగులుతుంది. ఆఖరున రెండే రింగులు మిగిలినప్పుడు మా పాప మొహంలో వెలుగు ఎలా ఉంటుందంటే, పండగ రోజున కూడా అంత ఉండదు. మీ ఇంట్లో గొలుసే కానక్కర్లేదు, గులకరాళ్లైనా సరే, గోడ మీద అంటించే చుక్కలైనా సరే. పిల్లల చేత్తో రోజుకొకటి తీయగలిగేది ఏదైనా సరే.

కాలం గురించి చదువుతున్నప్పుడు నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది. 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్వెలిన్ వూలీ, అమాండా రోడ్స్ అనే ఇద్దరు, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చిన్న చిన్న కథలు చెప్పి ప్రశ్నలు అడిగారు. ఒక పాపకు పుట్టినరోజు వచ్చింది కానీ వేడుక చేయలేదు, ఆ పాపకు ఇప్పుడు ఎన్నేళ్లు? ఇంకో పాపకు రెండుసార్లు వేడుక చేశారు, ఆ పాపకు ఎన్నేళ్లు? చిన్నపిల్లల్లో చాలామంది ఏం నమ్ముతున్నారంటే, వేడుక చేస్తేనే వయసు పెరుగుతుందని, చేయకపోతే అక్కడే ఆగిపోతుందని. ఐదేళ్లు వచ్చేసరికి ఈ నమ్మకం చాలావరకు సర్దుకుంటుంది. ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. అంటే మూడేళ్ల బిడ్డ దృష్టిలో మనం వేడుక చేస్తున్నాం కాబట్టే కాలం ముందుకు కదులుతోంది. దీపాలు పెట్టాం కాబట్టి చలికాలం వచ్చింది, రంగులు తీశాం కాబట్టి ఎండలు మొదలయ్యాయి. మనింట్లో జరిగే పనికీ లోకం తిరగడానికీ సంబంధం ఉందని నమ్మేవాళ్లు మన పక్కన కూర్చుని కాగితాలు అంటిస్తున్నారంటే, ఆ పనిని తొందర తొందరగా ముగించేద్దామని ఎలా అనిపిస్తుంది చెప్పండి?

ఆ నమ్మకంలో కాస్త నిజం కూడా ఉంది. ప్రపంచంలో ఎక్కడ చూసినా చాలా పండగలు రుతువులకు కట్టుబడే ఉంటాయి. పంట చేతికొచ్చినప్పుడు ఒకటి, పగళ్లు బాగా పొట్టిగా ఉండే రోజుల్లో దీపాలతో ఒకటి, చెట్లు చిగురించేటప్పుడు రంగులతో ఒకటి. క్యాలెండరు చదవడం రాని పిల్లలకు ఏడాది తిరిగిందని చెప్పేవి అవే.

రుతువు అంటే ఏమిటో చిన్నపిల్లలకు చూపించడానికి ఖర్చు లేని దారి ఒకటి చెప్తాను. ఎండ పడే చోట ఒక కర్ర నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం దాని నీడ ఎక్కడిదాకా వచ్చిందో చెరగని రంగుతో గీత గీయండి, లేదా రాయి పెట్టండి. పక్కన పిల్లల్నే నిలబెట్టి వాళ్ల నీడ కూడా గీయొచ్చు, అదైతే ఇంకా ఇష్టపడతారు. నెల తర్వాత అదే వేళకు మళ్లీ. భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం వల్ల సూర్యుడు మధ్యాహ్నం పూట ఎక్కే ఎత్తు ఏడాది పొడవునా మారుతుంటుంది, దాంతో నీడ పొడుగూ మారుతుంది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్నకొద్దీ ఈ తేడా బాగా తెలుస్తుంది. ఈ ఒరగడం, అక్షం ఇవన్నీ ఐదేళ్ల పిల్లకు చెప్పక్కర్లేదు. "నా నీడ పెరిగింది, నేను పెరగలేదు" అని మా పాప తనే అంది, అప్పుడు నేను ఒక్క మాట కూడా కలపలేదు. పెద్ద పిల్లలుంటే ఇంకో విశేషం చెప్పండి. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అంటే భూగోళంలో సగం చలికి వణుకుతున్నప్పుడు. దగ్గరకు వెళితే వేడి అనుకునే పిల్లలకు ఇది విని కాసేపు మాట రాదు, ఆ తర్వాత ప్రశ్నలు ఆగవు.

ఇప్పుడు పని సంగతి. పండగ పనుల్లో పిల్లల్ని చేర్చుకోవడం అంటే చాలామంది ఏం చేస్తారంటే, వాళ్లను ఒక మూల కూర్చోబెట్టి రంగు పుస్తకం ఇస్తారు. అసలు పని ఇక్కడ, ఉత్తుత్తి పని అక్కడ. పిల్లలకు ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది. 1907లో రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే పేదల పేటలో మారియా మాంటిస్సోరి మొదటి బడి తెరిచినప్పుడు ఆవిడ గమనించిన పెద్ద సంగతి అదే. ఖరీదైన బొమ్మలు ఇచ్చినా పక్కన పెట్టేసి, పిల్లలు ఊడవడం, తుడవడం, చేతులు కడుక్కోవడం లాంటి అసలు పనుల మీద పడ్డారు. దాంతో ఆవిడ పిల్లల ఎత్తుకు సరిపోయే బల్లలు, కుర్చీలు పెట్టించారు, చిన్న చేతులకు పట్టే చీపుర్లు ఇప్పించారు.

నిజానికి సాయం చేయాలన్న కోరిక మనం నేర్పేది కూడా కాదు. 2006లో జర్మనీలో ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ తొమసెల్లో పద్దెనిమిది నెలల పిల్లల్ని చూశారు. ఒక మనిషి బట్టల క్లిప్పు కింద పడేసి అందక చెయ్యి చాస్తున్నట్టు ఉంటాడు, లేదా రెండు చేతుల నిండా పుస్తకాలతో వచ్చి బీరువా తలుపుకు తగులుతుంటాడు. ఎవరూ అడగకుండానే పిల్లలు లేచి వెళ్లి క్లిప్పు అందించారు, తలుపు తీశారు. పూర్తిగా నడక కుదరని వయసు అది! ఆ ఇద్దరే 2008లో ఇంకో పరీక్ష చేశారు, ఈసారి ఇరవై నెలల పిల్లలు. సాయం చేసినప్పుడల్లా కొందరికి ఆడుకునే వస్తువు బహుమతిగా ఇచ్చారు, కొందరికి మెచ్చుకోలు మాట, కొందరికి ఏమీ లేదు. తర్వాత బహుమతులు ఆపేశాక, బహుమతి అలవాటైన పిల్లలే మిగతావాళ్లకన్నా తక్కువ సాయం చేశారు.

బహుమతి ముచ్చట వచ్చింది కాబట్టి దాని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పండగల పేరుతో పోటీలు పెట్టడం, కప్పులు ఇవ్వడం రోజురోజుకీ పెరుగుతోంది, అదీ మూడేళ్ల పిల్లలకు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడం అంటే ముందునుంచీ ఇష్టపడే పిల్లల్ని ఎంచుకుని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు బొమ్మ గీస్తే మంచి రిబ్బను అంటించిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకు చెప్పలేదు, గీశాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే పెన్నులు మామూలుగా బల్ల మీద పెట్టి ఎవరు ఎంతసేపు గీస్తారో అద్దం చాటునుంచి చూశారు. బహుమతి వస్తుందని ముందే తెలిసిన గుంపు మిగతావాళ్లు గీసినదాంట్లో సగం సేపే గీసింది. తమంతట తాము ఇష్టంగా చేసే పనిని మనం జీతం పనిగా మార్చేశాం అన్నమాట. రెండో గుంపును కూడా గమనించండి, అనుకోకుండా ఇచ్చిన కానుక వాళ్ల ఇష్టాన్ని ఏమీ చేయలేదు. కాబట్టి ఎప్పుడూ ఏమీ ఇవ్వొద్దని నేను అనడం లేదు. "ఇది చేస్తే అది ఇస్తా" అన్న బేరం మాత్రం పిల్లలు ఇష్టంగా చేసే పనుల దగ్గరికి తీసుకురావద్దని నా మనవి. ఒకే గదిలో పాతికమంది పిల్లలు బొమ్మలు గీసి, ముగ్గురు కప్పులు పట్టుకుని, మిగతా అందరూ తమ కాగితం మడిచి వెనక్కి దాచుకుని బయటికి వస్తుంటే ఎవరికి పండగ అది? నాకు ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం చేతకాదు. ఐదేళ్లలోపు పిల్లలకు బొమ్మల పోటీలు వద్దు.

బొమ్మలు అన్నాను కదా, ఆ పిల్లల గీతల్లో ఏముందో తెలిస్తే మార్కులు వేయాలని ఎవరికీ అనిపించదు. రోడా కెలాగ్ అనే ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కోలో చిన్నపిల్లల బడులు చూసుకుంటూ, పిల్లలు గీసి పారేసే కాగితాలన్నీ దాచిపెట్టారు. పది లక్షలకు పైగా బొమ్మలు! వాటిని పరిశీలించి, చిన్నపిల్లల పిచ్చిగీతల్లో మొత్తం ఇరవై మూలమైన గీతలున్నాయని తేల్చారు. ఆవిడ చెప్పిన వరసలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సూర్యుడి ముచ్చట. పిల్లలు ముందు సున్నా చుట్టడం నేర్చుకుంటారు, తర్వాత సున్నా చుట్టూ గీతలు పెడతారు, అది సూర్యుడు. కొన్నాళ్లకు ఆ సూర్యుడి లోపలికి కళ్లూ నోరూ వచ్చేస్తాయి, చుట్టూ ఉన్న కిరణాలు తగ్గి తగ్గి రెండు కాళ్లు, రెండు చేతులు మిగులుతాయి. అదిగో మనిషి! పొట్ట ఉండదు, తలకే కాళ్లు. మూడు నాలుగేళ్ల పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ మనిషి ఉంటాడు. మా వాడు ఈ మధ్యనే అక్కడికి చేరాడు. మొన్న ఒక సూర్యుడిని గీసి, చేత్తో పట్టుకుని తిప్పి చూసి, రెండు కిరణాలను కిందికి బాగా పొడిగించి, "అమ్మా, ఇది నువ్వు" అన్నాడు. నా తలకు కాళ్లున్న ఆ కాగితం మా గదిలో తలుపు మీద ఉంది. మా ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాను.

పండగ రోజు సంగతి కొస్తే, నేను చెప్పేది తక్కువే. జనం ఎక్కువ, చప్పుడు ఎక్కువ, నిద్ర వేళలు తప్పుతాయి, పిల్లలు చికాకు పడతారు. దీపాల దగ్గర, కత్తెరల దగ్గర పెద్దవాళ్లు ఒకరు కదలకుండా ఉండాలి, వంతులు వేసుకోండి. ఎవరి ఒళ్లోకీ వెళ్లనని మొండికేసే బిడ్డను బలవంతంగా అందరికీ అందించకండి. ఇంకొక్క మాట, చుట్టాల పిల్లలు అందరూ చేరినప్పుడు "వీడు ఎవరితోనూ కలవడు" అని దిగులు పడే తల్లిదండ్రుల కోసం. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అమెరికాలోని మినసోటాలో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు ఆడుకునే తీరు గమనించి రాశారు. ఒంటరిగా ఆడుకోవడం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, తర్వాత నెమ్మదిగా ఇచ్చిపుచ్చుకోవడం, చివరికి అందరూ కలిసి ఒక ఆట. రెండు మూడేళ్ల పిల్లవాడు ఇంకొకరి పక్కన కూర్చుని తన మానాన తను ఇసక పోసుకుంటుంటే, వాడు ఆ వయసుకు తగ్గట్టే ఉన్నాడు. గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డ పాప కూడా ఏదో పోగొట్టుకుంటున్నట్టు కాదు. ఇంటికొచ్చాక చూడండి, అక్కడ జరిగినదంతా మీకు ఆడి చూపిస్తుంది.

ఆ ఆడి చూపించడమే నాకు పండగలో అన్నిటికన్నా తీపి భాగం. మనకు పండగ అయిపోయి, అన్నీ సర్ది పెట్టేశాక, పిల్లలు మళ్లీ మొదలుపెడతారు. పాత దుప్పటి పరిచి, బొమ్మలన్నిటినీ చుట్టాలుగా కూర్చోబెట్టి, "రండి రండి, ఇప్పుడా రావడం" అని మన గొంతుతో, మన చేతులు ఊపుతూ. మనం ఆ రోజు ఎలా మాట్లాడామో అందులో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. మా పాప పెద్దవాళ్లుగా ఆడుతున్నప్పుడు వంగి, చిన్నవాడి మొహంలోకి చూసి, "కాళ్లు నొప్పెడుతున్నాయా నాన్నా, కూర్చో" అంది. అది ఆ రోజు వాళ్ల నాన్నమ్మ అన్న మాట, అచ్చం ఆవిడ గొంతే. అక్కడ అంతమంది మధ్య అది తన చెవిన పడి, వారం తర్వాత తిరిగి బయటికి వచ్చింది.

1933లో రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోత్స్కీ ఆట గురించి ఇచ్చిన ఉపన్యాసంలో ఇద్దరు అక్కచెల్లెళ్ల ఉదాహరణ ఉంటుంది. ఒకరికి ఐదేళ్లు, ఇంకొకరికి ఏడు. వాళ్లు "అక్కాచెల్లెళ్ల ఆట ఆడుకుందాం" అనుకుంటారు. నిజంగానే అక్కచెల్లెళ్లు కదా, మళ్లీ ఆట ఏమిటి? ఆయన ఏమంటారంటే, రోజువారీ జీవితంలో వాళ్లు అక్కచెల్లెళ్లుగా ఎలా ఉండాలో ఆలోచించకుండానే ఉంటారు, ఆటలో మాత్రం అక్క అంటే ఎలా ఉండాలి, చెల్లి అంటే ఎలా ఉండాలి అని ఆలోచించి, ఆ నియమం ప్రకారం నడుచుకుంటారు. ఆటలో పిల్లవాడు తనకన్నా ఒక తల ఎత్తు ఎక్కువ ఉంటాడని కూడా ఆయన అన్నారు. కాబట్టి పండగ అయిపోయాక గదంతా మళ్లీ చిందరవందరైతే, దయచేసి ఒక వారం అలా ఉండనివ్వండి. అలంకరణలు అన్నీ ఒకేసారి పెట్టెలో పెట్టేయకండి, కొన్ని పిల్లల కోసం కింద వదిలేయండి.

ఇక ఫోటోల సంగతి. ఇది చెప్తే కొందరికి నచ్చకపోవచ్చు. 2014లో లిండా హెంకెల్ అనే ఆవిడ మ్యూజియంలో చేసిన పరిశోధన ప్రచురించారు. వస్తువులను ఊరికే చూసినవాళ్లకన్నా, ఫోటో తీసినవాళ్లకు ఆ వస్తువులు తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు వదిలేస్తుంది. కానీ అదే పరిశోధనలో ఇంకోటి కూడా తేలింది, ఒక వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ నష్టం జరగలేదు. నాకు ఇందులో మంచి దారి కనపడింది. పది మంది పిల్లల్ని వరసగా నిలబెట్టి, "ఇటు చూడు, నవ్వు, కదలకు" అని ఆటంతా ఆపించి తీసే ఫోటోలు మానేశాను. దానికి బదులు జిగురంటిన వేళ్లు, గోడ మీద నీడ, సగం తెగిన గొలుసు, అలాంటివి ఒకటో రెండో తీసుకుంటాను, ఫోను లోపల పెట్టేస్తాను. చూడటానికి కళ్లు ఖాళీగా ఉంటాయి.

మరి పిల్లలకు గుర్తుండేది ఎలా? చాలామందికి మొదటి జ్ఞాపకం మూడు, మూడున్నరేళ్ల దగ్గర మొదలవుతుంది. కానీ అందరికీ ఒకేలా ఉండదు. 2000లో న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన హార్లిన్ హేన్, ఆమె సహచరులు పెద్దవాళ్లను వాళ్ల తొలి జ్ఞాపకం ఏ వయసుదో అడిగారు. అక్కడి యూరోపియన్ సంతతివాళ్లు చెప్పిన సగటు మూడున్నరేళ్లు, అక్కడి మూలవాసులైన మావోరీ ప్రజలది రెండున్నర దాటిన కొద్దికాలానికే. మావోరీల ఇళ్లలో జరిగినవాటిని కథలుగా చెప్పుకోవడం చాలా ఎక్కువ, అది కారణం కావచ్చని పరిశోధకుల మాట. రాబిన్ ఫైవుష్, ఎలైన్ రీస్ లాంటివాళ్లు తల్లీబిడ్డల మాటలను ఏళ్ల తరబడి రికార్డు చేసి విన్నారు. "అక్కడికి వెళ్లాం కదా, బాగుంది కదా" అని ముగించే తల్లులు ఉంటారు, "అప్పుడు వాన పడింది కదా, నువ్వు ఎక్కడ దాక్కున్నావు, పక్కన ఎవరున్నారు, తర్వాత ఏమైంది" అని పిల్లల నోట పూసగుచ్చినట్టు చెప్పించే తల్లులు ఉంటారు. రెండో రకం ఇళ్లలో పిల్లలకు తమ గతం గురించి ఎక్కువ గుర్తుంటుంది, బాగా చెప్పగలుగుతారు కూడా.

దీనికి ఏ సామానూ అక్కర్లేదు, పడుకునే ముందు లైటు ఆర్పేసి మాట్లాడుకుంటే చాలు. మేం పండగ అయ్యాక చాలా రాత్రులు అదే పని చేస్తాం. పిల్లలు చెప్పేది మనం చూసిన పండగ కాదని మాత్రం ముందే చెప్తున్నాను. మనకు అలంకరణ గుర్తుంటే, మా వాడికి ఆ రోజు బల్ల కిందికి దూరిన పిల్లి గుర్తుంది. దాని తోక తన మెడకు తగిలిందని ఇప్పటికీ మెడ ముట్టుకుని చూపిస్తాడు. దాన్ని సరిదిద్దకండి, "అది కాదు, ఆ రోజు అందరూ ఎంత బాగా పాడారో చెప్పు" అనకండి. పిల్లి గురించే అడగండి. ఏ రంగు, ఎటు వెళ్లింది, మళ్లీ వచ్చిందా?

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను, ఎందుకంటే పక్క గదిలో కాగితాలు అంటిస్తున్న మీ పిల్లలు అప్పుడే గోల మొదలుపెట్టారు, వినపడుతోంది. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతి, ఆట, కళలు, సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకోవడం పిల్లల హక్కని చెప్తుంది. పాలుపంచుకోవడం అంటే వేడుకలో ముస్తాబై కూర్చోవడం ఒక్కటే కాదని నేను అర్థం చేసుకున్నాను, వేడుకను చేయడంలో కూడా వాళ్లకు వాటా ఉండాలి.

ఇప్పుడు తలుపు తీస్తే వాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి మీ చేతిలో ఏదో ఒకటి పెడతారు. జిగురు ఇంకా ఆరి ఉండదు, చీరలకు, చొక్కాలకు అంటుతుంది, అంటనివ్వండి. అది ఏమిటో మీరు ఊహించి చెప్పకండి, "ఇల్లా? చెట్టా?" అని అడక్కండి. ఎలా చేశారో, ముందు ఏం అంటించారో చెప్పమనండి. కుర్చీల్లోంచి దిగి కింద కూర్చుంటే వాళ్లకు చెప్పడం తేలిక. ఆ చివర తలుపు దగ్గరున్నవాళ్లు గడియ తీస్తారా?